నూరో వంతు కాలం

ప్రపంచమంతటా పనులు ఆగిపోయిన మూడో ఏడు అది. విశాఖ రేవులో ఉన్న పదకొండు క్రేన్లలో పదింటి మీద కాకులు గూళ్లు కట్టుకున్నాయి. పదకొండో క్రేను నడిపే అప్పలనరసయ్యను కూడా ఆ ఉదయం ఇక రావద్దన్నారు. అతను ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, వంటింటి గుమ్మంలో చతికిలబడ్డాడు.

“హైమా, నీ మందు నాకు ఎక్కించీ” అన్నాడు.

అతని భార్య హైమవతి చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆమె జీవరసాయన శాస్త్రవేత్త. చెరువు ఎండిపోయినా మళ్లీ వాన పడేదాకా మట్టిలో బతికుండే నత్తల మీద పన్నెండేళ్లు పనిచేసి, ఒక మందు కనిపెట్టింది. ప్రయోగశాలలో అందరూ దాన్ని ‘నిదానం’ అనేవారు. సన్నటి గొట్టంలోంచి ఆ మందు చుక్కలు చుక్కలుగా ఒంట్లోకి ఎక్కుతున్నంత కాలం మనిషి దేహం నూరో వంతు వేగంతో నడుస్తుంది. గుండె ఒకటిన్నర నిమిషానికి ఒక్కసారి కొట్టుకుంటుంది. నూరు రోజులకు ఒక్కరోజు తిండి చాలు. కొత్త కిడ్నీ కోసం, కాలేయం కోసం వరసలో ఉన్న రోగులు తమ వంతు వచ్చేదాకా ప్రాణాలతో ఉండాలని ఆమె దాన్ని తయారుచేసింది.

మాంద్యం వచ్చాక ప్రభుత్వాల కన్ను ఆ మందు మీద పడింది. పని లేని కోట్లమందికి తిండి పెట్టడం కన్నా, పని దొరికేదాకా వాళ్లను నిద్రపుచ్చడం తేలిక. ఇక్కడి ప్రభుత్వం దానికి ‘విశ్రాంతి పథకం’ అని పేరు పెట్టింది. బలవంతం లేదు, ఇష్టమున్నవాళ్లే రావచ్చు, ఏడాది తిరిగేసరికి లేపేస్తాం అంది. కానీ ఒక్కరూ ముందుకు రాలేదు.

“కనిపెట్టినావిడ ఇంట్లోవోళ్లే పడుకోకపోతే ఊరోళ్లేటి నమ్ముతారే?” అన్నాడు నరసయ్య. “క్యాంటీన్లో అందరూ అదే అడుగుతన్నారు.”

“అడగనీ బావా. నీకెందుకు?”

“నాకు కాకపోతే ఇంకెవులికి? ఏడాదే గదా. నిద్దరోయినోడికి ఏడాదేటి, పూటేటి. నువ్వు సేసిన మందు. నాకు బయం లేదు.”

హైమవతికీ భయం లేదు. ముప్ఫైమంది మీద నెలేసి రోజులు పరీక్షించి చూసింది. లేచిన ప్రతివాళ్లూ ఒళ్లు విరుచుకుని, హాయిగా నిద్ర పట్టిందన్నారు. అయినా ఆమె నాలుగు రోజులు ఒప్పుకోలేదు. అయిదో రోజున తనే అతని చేతికి సూది గుచ్చింది.

రేవు పక్కన రొయ్యలు దాచే పాత శీతల గిడ్డంగిలో మొదటి మంచం అతనిది. పేపర్లలో ఫోటో వచ్చింది. నెల తిరక్కుండా రేవులోని గిడ్డంగులన్నీ నిండిపోయాయి.

ఏడాది గడిచింది. పనులు రాలేదు. పథకం నిబంధనల్లో ఒక చిన్న మార్పు వచ్చింది: పని దొరికినవారినే లేపాలి. హైమవతి అర్జీ పట్టుకుని పథకం కార్యదర్శి పరాంకుశం దగ్గరికి వెళ్లింది. ఆయన మర్యాదస్తుడు. లేచి నిలబడి నమస్కారం పెట్టి, కాఫీ తెప్పించాడు.

“మీ వారికొక్కరికీ సడలిస్తే మిగతావాళ్లకు ఏం చెప్పమంటారమ్మా? మొదట పడుకున్న మనిషి ఆయన. మొదటివాడే లేచిపోతే పథకం నిలబడుతుందా?”

ఆమె తిరిగొచ్చేసింది.

రోజూ ప్రయోగశాలకు వెళ్లే ముందు గిడ్డంగికి వెళ్లి, అతని మంచం పక్కన అరగంట కూర్చునేది. అరగంటలో ఇరవై సార్లు అతని గుండె కొట్టుకునేది. ఆమెకు అన్నిటికన్నా లోటుగా తోచింది అతని మాటలు. పని నుంచి రాగానే ఆ రోజు రేవుకొచ్చిన ఓడ పేరేమిటో, ఏ దేశానిదో, అందులోంచి ఏం దించాడో చెప్పేవాడు. ఆమె పరధ్యానంగా ఊఁ కొట్టేది. ఇప్పుడు ఊఁ కొట్టడానికి ఏమీ లేదు. ఒక్కోసారి పళ్లెం ముందు కూర్చుని, “ఇవాళ ఏం దించావు?” అని పైకే అడిగేది. అడిగాక తన గొంతుకి తనే ఉలిక్కిపడేది.

రెండో ఏడు ఆమెను విదేశాలకు పంపించారు. నిదానాన్ని ఎవరెవరు ఎలా వాడుతున్నారో చూసిరమ్మన్నారు.

మొదట వెళ్లింది ఉత్తరాన ఉన్న సమష్టి రాజ్యానికి. అక్కడ అందరూ సమానమే గనుక నిద్ర కూడా సమానమే. మంత్రి దగ్గరనుంచి పాకీ పనివాడి దాకా ప్రతి ఒక్కరూ మూడు నెలలు మెలకువ, మూడు నెలలు నిద్ర. వీధిలో ఇంటికో కిటికీ మూసి ఉండేది. ఆమెకు ఊరు చూపించిన స్త్రీ ఆ వంతుల పట్టికను గర్వంగా విప్పి చూపింది. “మీ ఆయన ఎప్పుడు లేస్తారు?” అని అడిగింది హైమవతి. “నేను పడుకున్న రోజున” అని ఆమె చెప్పింది. నిద్రశాల గేటు దగ్గర ఒక గంట కలుసుకోవచ్చట. “ఎవరికీ అన్యాయం జరగలేదు కదా” అంటూ ఆమె పట్టికను మడిచింది. మడవడానికి చాలాసేపు పట్టింది.

పడమటి వ్యాపార రాజ్యంలో ప్రభుత్వం అసలు కలగజేసుకోలేదు. నిద్ర కూడా సరుకే, కంపెనీలు చూసుకుంటాయంది. ఎత్తైన అద్దాల భవనాల్లో వేలమంది వరసగా పడుకుని ఉన్నారు. కింద కౌంటరు దగ్గర ఒకతను తన చెల్లెల్ని లేపమని బతిమాలుతున్నాడు. చెల్లెలు సంతకం చేసిన ఒప్పందాన్ని ఆ కంపెనీ ఇంకో కంపెనీకి అమ్మేసిందట. ఆ కంపెనీ ఎక్కడుందో కౌంటరులోని అమ్మాయికి తెలియదు. ఆమె నవ్వుముఖంతో అతనికి ఒక ఫోన్ నంబరు రాసిచ్చింది.

మూడోది ఏకనాయకుడి రాజ్యం. మా దేశంలో నిరుద్యోగి అన్నవాడు లేడని విమానాశ్రయంలోనే పెద్ద బోర్డు పెట్టారు. అది నిజమే. రోడ్లు శుభ్రంగా ఉన్నాయి, ఫ్యాక్టరీల్లో పొగ వస్తోంది. కానీ కారు ఒకచోట దారి తప్పి ఒక పేటలోకి వెళ్లింది. వేరే భాష మాట్లాడేవాళ్ల పేట అది. తీగల మీద ఆరేసిన బట్టలు వెలిసిపోయి అలాగే వేలాడుతున్నాయి. వీధి మొత్తంలో మనిషి అలికిడి లేదు. “వీళ్లంతా విశ్రాంతి కోరుకున్నారు” అన్నాడు డ్రైవరు, అడగకుండానే.

ఆమె ఎనిమిది నెలల తర్వాత తిరిగొచ్చింది. గిడ్డంగి ముందు గరికిన లచ్చమ్మ ఎప్పట్లాగే ఇడ్లీ బండి పెట్టుకుని కూర్చుంది. ఆవిడ కూతురు ధనాలు రొయ్యల ప్యాకింగులో పనిచేసేది. నరసయ్య తర్వాత వారానికే ఆ పిల్ల కూడా పడుకుంది. పళ్లెంలో ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

“బేరాల్లేవా లచ్చమ్మా?”

“ఏటి బేరాలు డాక్టరమ్మా! ఇడ్లీలు తినేవోళ్లందర్నీ తీసుకెళ్లి లోపల పడుకోబెట్టీసినారు. ఇంక నాకాడ కొనేదెవులు? రేపో మాపో నన్నూ పడుకోమంతారు. అప్పుడు నాకు పప్పూ నూకా అమ్మినోడు పడుకుంతాడు.”

హైమవతి నిలబడిపోయింది. మూడు దేశాల ఆర్థిక నిపుణులు మూడు రకాలుగా లెక్కలు వేసి చూపించారు. ఈ మాట ఒక్కరూ అనలేదు. జనం పడుకున్నకొద్దీ దుకాణాలు మూతపడుతున్నాయి. దుకాణాలు మూతపడినకొద్దీ ఇంకా జనం పడుకుంటున్నారు. మాంద్యం ఎందుకు తగ్గడం లేదో ఆమెకు ఆ బండి దగ్గర అర్థమైంది.

అయితే అంతకన్నా పెద్ద కబురు లోపల ఉంది.

పరికరాలు చూసుకునే మస్తాన్ వలీ ఆమె కోసమే ఎదురుచూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు రేడియో స్టేషన్లో శబ్దాలు రికార్డు చేసే ఉద్యోగం. ఊపిరి ఆడుతోందో లేదో తెలియడానికి నిద్రలో ఉన్నవాళ్ల గొంతు మీద ఒక చిన్న బిళ్ల అతికిస్తారు. ఆ బిళ్లలు పంపే గీతల్ని కనిపెట్టుకుని ఉండడం అతని పని.

“మేడమ్, ఊపిరి గీత మీద ఇంకో సన్న అల వస్తోంది. యంత్రం లోపం అనుకుని ఇన్నాళ్లూ చెరిపేస్తూ వచ్చాం. నేను గీతలు చదివినవాణ్ణి. ఇది లోపం కాదు.” అతను ఆమె ముఖంలోకి చూడకుండా, “మీరు కూర్చుని వినండి” అన్నాడు.

ఏడు నిమిషాల గీతని అతను నూరు రెట్లు వేగంగా తిప్పాడు. గరగరమంటూ, పెదవి కదపకుండా గొంతులోనే గొణిగినట్టు ఒక మాట వినిపించింది.

“హైమా... తెల్లారిందేటే?”

ఆమె మళ్లీ తిప్పమంది. మళ్లీ అదే. మస్తాన్ వలీ చెప్పకుండానే ఇంకో గీత పెట్టాడు. అది నెల కిందటిది. “ఎవులూ పలకరేటి?” అంది అదే గొంతు.

హైమవతి బల్ల అంచు పట్టుకుంది. నెల రోజుల పరీక్ష ఆమె కళ్ల ముందు తిరిగింది. నూరో వంతు కాలంలో నెలంటే ఏడు గంటలు. ఒక్క రాత్రి నిద్ర. అందుకే ఆ ముప్ఫైమందీ హాయిగా పడుకుని లేచారు. రెండేళ్లంటే ఏడు రోజులు. ఏడు రోజులు ఎవరు నిద్రపోతారు? మొదటి రాత్రి గడిచాక నరసయ్యకు మెలకువ వచ్చేసింది. అప్పట్నుంచీ కళ్లు తెరుచుకోక, వేలు కదలక, చీకట్లో పిలుస్తూనే ఉన్నాడు. ఆమె రోజూ పక్కన కూర్చున్న అరగంట అతని లెక్కలో పద్దెనిమిది క్షణాలు. ఆమె అతని చెయ్యి పట్టుకున్నదీ లేనిదీ అతనికి తెలియనే లేదు.

“పిలిస్తే వినిపిస్తుందా?” అని అడిగింది.

“నెమ్మదిగా పిలిస్తే వినిపించొచ్చు మేడమ్.”

ఆమె మాట్లాడింది. మస్తాన్ వలీ ఆ మాటని నూరు రెట్లు సాగదీసి, నరసయ్య చెవి వెనక ఎముకకు ఆనించిన బిళ్లలోంచి పంపాడు. “బావా, నేనే. ఇక్కడే ఉన్నాను.” అంతే మాట. అది పూర్తవడానికి ఆరు నిమిషాలు పట్టింది. బయటికి సముద్రం అడుగున ఏదో బరువు ఈడ్చినట్టు వినిపించింది.

ఆ తర్వాత గంటసేపు గీత మీద సన్న అల కదల్లేదు. తర్వాత కదిలింది. అతని గుండె ఒకటిన్నర నిమిషానికి కాక నిమిషానికే కొట్టుకుంది. జవాబు పూర్తయ్యేదాకా ఇద్దరూ తెర ముందు నుంచి లేవలేదు.

“ఇన్నాళ్లూ ఏటైపోనావే?” అన్నాడు నరసయ్య.

హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె అదే రోజు పరాంకుశానికి చెప్పింది. తనకు తెలిసిన మూడు దేశాల శాస్త్రవేత్తలకు కూడా రాసి పంపింది. వాళ్లు వాళ్ల ప్రభుత్వాలకు చెప్పారు. నిద్ర అనుకున్నది నిద్ర కాదని తేలాక ఒక్కొక్క ప్రభుత్వం ఒక్కొక్కలా కదిలింది. సమష్టి రాజ్యం, తమ దేశంలో అందరూ సమానంగా నిద్రపోతున్నారని, మెలకువగా ఉన్నామని లేచినవాళ్లు మొదట్నుంచీ చెబుతున్నది స్వార్థపరుల పుకారని ప్రకటించింది. వ్యాపార రాజ్యంలో వారం తిరక్కుండా ఒక కొత్త కంపెనీ వెలిసింది. నెమ్మదిగా సాగదీసిన పాటలు, కథలు లోపలివాళ్లకు వినిపిస్తుందట. డబ్బు కట్టలేనివాళ్లకు ప్రకటనలు వినిపిస్తుందట. ఏకనాయకుడి రాజ్యం ఏమీ అనలేదు. జైళ్లకు నిదానం సరఫరా పెంచమని మాత్రం ఆదేశాలు వెళ్లాయి. ఇక్కడి ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. ఆ సంఘం నివేదిక ఇచ్చేదాకా ఎవరూ ఏమీ మాట్లాడకూడదంది.

“తొందరపడకండమ్మా” అన్నాడు పరాంకుశం. “లక్షలమంది ఒక్కసారి లేస్తే తిండి ఎక్కణ్ణుంచి తేవాలి? సంఘం అన్నీ చూస్తుంది.”

“వాళ్లు పిలుస్తున్నారండీ.”

“నాకు తెలుసు” అని ఆయన తల దించుకున్నాడు. “మా తమ్ముడు కూడా మూడో గిడ్డంగిలో ఉన్నాడు.”

“మరి మీరు విన్నారా అతని మాట?”

ఆయన బల్ల మీది ఫైలు తెరిచాడు.

హైమవతి ఆగలేదు. మర్నాడు పొద్దున్నే లచ్చమ్మను లోపలికి తీసుకెళ్లి ధనాలు గీతను వినిపించింది. “అమ్మా, దాహం” అంది ఆ పిల్ల. లచ్చమ్మ గొంతు చించుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఇడ్లీ బండి పక్కకు నెట్టి, పేటంతా తిరిగి చెప్పింది. రెండో రోజుకి గిడ్డంగి ముందు మైలు పొడుగు వరస. ఒక్కొక్కరికీ నాలుగు క్షణాల మాట. అంతకన్నా ఎక్కువైతే పంపడానికి గంటలు పడతాయి. నాలుగు క్షణాల్లో ఏం చెప్పాలో తెలియక జనం తడబడ్డారు. ఒక ముసలాయన మైకు ముందు నిలబడి కేవలం దగ్గాడు. “నా దగ్గు వాడికి తెలుస్తుందిలెండి” అన్నాడు.

జవాబులు వచ్చాయి. మస్తాన్ వలీ వాటిని సుద్దముక్కతో గిడ్డంగి గోడ మీద రాస్తూ పోయాడు. ‘దీపం పెట్టండి.’ ‘ఎంతసేపయింది?’ ‘నా కాలు ఉందా?’ ‘నానా, నేను బతికే ఉన్నానా?’ ఊరు ఊరంతా వచ్చి ఆ గోడను చదివింది. చదివినవాళ్లు వెనక్కి వెళ్లలేదు. పోలీసులు వచ్చారు. వాళ్లూ చదివారు. వాళ్లలో ఇద్దరు టోపీలు తీసి వరసలో నిలబడ్డారు.

పదకొండో రోజున ప్రభుత్వం దిగొచ్చింది. భార్యాభర్తలు గానీ, రక్తసంబంధీకులు గానీ సంతకం పెడితే పని లేకపోయినా లేపవచ్చంది.

మందు ఆపాక దేహం తేరుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. హైమవతి ఆ తొమ్మిది రోజులూ మంచం దగ్గరే ఉంది. రోజురోజుకీ గుండె వేగం పుంజుకుంటోంది. అయిదో రోజున రెప్పలు విచ్చుకోవడం మొదలై, ఆ సాయంత్రానికి పూర్తిగా తెరుచుకున్నాయి. ఏడో రోజున అతని చూపు ఆమె ముఖం మీదికి చేరింది. తొమ్మిదో రోజున అతను చెయ్యెత్తి ఆమె చెంప మీది వెంట్రుకలను తాకాడు. వాటిలో తెల్లవి చూసి ఆగాడు.

తేరుకోవడం అక్కడితో ఆగిపోయింది కూడా. గుండె నిమిషానికి ముప్ఫై అయిదు. అంతకు మించి ఎక్కలేదు. రెండేళ్లు దాటి లోపలున్న వాళ్లందరిదీ అదే పరిస్థితి. సగం వేగానికి వచ్చి నిలిచిపోయారు. ఎందుకో హైమవతికి తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

నరసయ్య అన్నం తినడానికి గంట పడుతుంది. ఒక్కో మాటకూ మధ్య ఆమె ఊపిరి పీల్చి వదలవచ్చు. గబగబా మాట్లాడితే అతనికి అందదు, దోమ చెవి దగ్గర రొద చేసినట్టుంటుందట. ఆమె మాటలు సాగదీసి పలకడం నేర్చుకుంది. అతని పక్కన నడిచేటప్పుడు అడుగు వేసి ఆగుతుంది. అతను ఇంట్లోనే ఉన్నాడు, చెయ్యి చాపితే తగులుతాడు. అయినా కొన్ని సాయంత్రాలు అతను సముద్రం వైపు చూస్తూ ఏదో చెప్పబోయి, అది నోటిదాకా వచ్చేలోగా, ఆమె మనసు గిడ్డంగిలోని ఆ మంచం దగ్గరకు వెళ్లి కూర్చుంటుంది. అక్కడ అతను దూరంగా ఉన్నాడని తెలుసు. ఇక్కడ ఎంత దూరంలో ఉన్నాడో కొలవడానికి పరికరం లేదు.

విచారణ సంఘం చివరికి పురపాలక భవనంలో కూర్చుంది. మూడు దేశాల నుంచీ ప్రతినిధులు వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. నరసయ్యను పిలిచారు. అతను లేచి మైకు దగ్గరికి వెళ్లేసరికే అధ్యక్షుడు రెండుసార్లు గడియారం చూశాడు.

“వారి వాంగ్మూలం డాక్టరు గారు చదివితే సమయం కలిసొస్తుంది” అన్నాడాయన.

హైమవతి లేవబోయింది. నరసయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె కూర్చుంది.

“నన్ను... నిద్దర... పుచ్చలేదండి” అన్నాడు. హాల్లో కుర్చీల కిర్రు తగ్గింది. “ఆపీసినారు.”

తర్వాతి మాట కోసం అందరూ ఎదురుచూడాల్సి వచ్చింది. ఒక ప్రతినిధి కాగితాలు సర్దడం మానేశాడు. మాటకీ మాటకీ మధ్య కిటికీలోంచి రేవు గాలి వినిపించింది.

“లోపల నాను... పని కోసం... సూడలేదు. ఒక్క మనిషి... గొంతు కోసం... సూసినాను. మా ఇంటిది... పిలిసింది. బయటికొచ్చినాను.” అతను చాలాసేపు ఆగాడు. అయిపోయిందనుకుని గుమాస్తా కలం మూయబోయాడు. “అయిదో గిడ్డంగిలో... తొమ్మిదొందల మంది... ఉన్నారు. రైళ్లలో... ఎక్కడెక్కడి నుంచో... తెచ్చినారు. పేర్లు లేవు... నంబర్లే. సంతకం పెట్టడానికి... సొంతోళ్లు లేరు. ఆళ్లని... ఎవులు పిలుస్తారు?”

అధ్యక్షుడు నిబంధనల పుస్తకం తిరగేశాడు. రక్తసంబంధీకులని స్పష్టంగా ఉందన్నాడు. ఆ సంగతి తదుపరి సమావేశంలో పరిశీలిస్తామన్నాడు.

మర్నాడు ఉదయం అయిదో గిడ్డంగి ముందు, సగం వేగంతో నడిచే మనుషులు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ధనాలు, తల్లి చెయ్యి పట్టుకుని వచ్చింది. పరాంకుశం తమ్ముడు వచ్చాడు. పరాంకుశం కూడా వచ్చి, బల్ల మీద ఖాళీ దరఖాస్తుల కట్ట పెట్టి, ఒక పక్కన నిలబడ్డాడు. అందరికన్నా ముందు నరసయ్య ఉన్నాడు. పక్కన హైమవతి.

బల్ల వెనక గుమాస్తా దరఖాస్తు అందుకున్నాడు. “నాలుగు వందల పన్నెండో నంబరు. ఈయన మీకేమవుతారు?”

నరసయ్య పెదవులు కదలడం మొదలైంది. ఆ మాట ఏమిటో హైమవతికి తెలుసు, అందించడానికి గొంతుదాకా వచ్చింది. ఆమె పళ్లు బిగించి ఊరుకుంది. వెనక వరసంతా ఊరుకుంది. గుమాస్తా కూడా కలం పట్టుకుని కాచుకున్నాడు.

“తమ్ముడు” అన్నాడు నరసయ్య.

గుమాస్తా ఒకసారి పరాంకుశం వైపు చూశాడు. ఆయన సముద్రం వైపు చూస్తున్నాడు. గుమాస్తా ఆ గడిలో ‘తమ్ముడు’ అని రాశాడు.

“పేరు?”

“తెలీదండి” అన్నాడు నరసయ్య. తర్వాత, ఎంతోసేపటికి, “లేచినాక... అడుగుతాను” అన్నాడు.